గూడ కూసున్నది

భుజం కీలును మా ఇడపనూరులో గూడ అంటాం. మా ఆయన గూడ మొదటిసారి రాయచూరు ధాన్యం గంజ్‌లో జారింది. లారీ మీద నుంచి పడబోతున్న వడ్ల బస్తాను ఒంటిచేత్తో ఆపబోయాడట. తోటి హమాలీలు ఆయన్ని నేలమీద పడుకోబెట్టి, ఒకడు చంకలో మడమ ఆనించి చెయ్యి గుంజాడు. లోపల టక్కుమంది. "కూసున్నది" అన్నారంతా. ఈయన లేచి టీ తాగి, మళ్ళీ బస్తా ఎత్తాడు.

ఆ ఒక్క మాటే మా కొంప ముంచింది. జారడం, గుంజడం, కూసున్నదని నిశ్చింతగా ఉండడం. పోను పోను మంచం కోడు పట్టుకుని తనే సరిచేసుకునేవాడు, అదేదో విద్య నేర్చినట్టు మీసం దువ్వుకుంటూ. నాకు ఒళ్ళు మండేది. చివరికి చొక్కా తొడుక్కున్నా జారేది, నిద్రలో పక్కకు తిరిగినా జారేది. నా పాత చీర చింపి, పడుకునేముందు ఆ చేతిని నడుముకు కట్టేదాన్ని.

పెద్దాసుపత్రి డాక్టరు స్కాన్ చూసి, చేతి ఎముక కూర్చునే గిన్నె అంచే అరిగిపోయిందని కన్నడంలో చెప్పాడు. జారిన ప్రతిసారీ కొంత ఎముక పోయిందట. అంచు విరిగిన సాసర్లో గోళీ నిలుస్తుందా అని అడిగాడు. భుజం ముందువైపున్న ఎముక ముక్కను దాని కండరంతో సహా కోసి, ఆ అంచుకు స్క్రూలతో బిగించారు. మా ఆయన అడిగిందల్లా ఒకటే, బస్తా ఎప్పటి నుంచి మోయొచ్చని. ముందు ఎముక అతకనివ్వమన్నాడు డాక్టరు.

అతికింది. నెలల తరబడి కసరత్తు చేయిస్తే చెయ్యి తలదాకా లేచింది. చచ్చేంత సంతోషపడ్డాను. చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు, తల దువ్వుకో, బండి నడుపుకో, బస్తా జోలికి మాత్రం పోవద్దన్నాడు. బస్తా తప్ప మరో పని తెలియని మనిషికి ఆ మాట చెప్పాడు. ఆసుపత్రి మెట్ల మీదే నాకు ఏడుపొచ్చింది. గంజ్‌లో ఆయన చోటులోకి అప్పటికే ఇంకొకరు వచ్చేశారు.

మొన్న పొద్దున నేను పత్తి ఏరే కూలికి పోతూ సద్ది కట్టుకుంటుంటే, ఆయన పాత జోడీ హమాలీ చూడడానికి వచ్చాడు. గూడ ఎట్లున్నదని అడిగాడు.

"గూడ మంచిగ కూసున్నది," అన్నాడు మా ఆయన. నా చేతిలోని సద్ది మూట వైపు చూసి, "ఇంట్ల నేను గూడ కూసున్న," అన్నాడు.