కోస్తా లైను, బొంబాయి లైను

మా మనవరాలికి వారంలో కొన్ని రోజులు ఇంట్లోనే ఆఫీసు. ఆ రోజుల్లో దాని గదిలోకి వెళ్ళాలంటే కాస్త వెనకాడతాను, ఎందుకంటే ఏ క్షణాన ఎవరితో మాట్లాడుతుందో, నా వెలిసిపోయిన నేతచీర ఏ దేశంవాళ్ళ కంటబడుతుందో తెలియదు. మొన్నొక మధ్యాహ్నం కాఫీ గ్లాసుతో వెళితే ఎవరితోనూ మాట్లాడడం లేదు గాని, తెర నిండా ఇంగ్లండు దేశపటం పెట్టుకుని దానివంకే చూస్తూ కూర్చుంది. దేశమంతా ముక్కలు ముక్కలుగా ఉంది, ఒక్కో ముక్కకి ఒక్కో రంగు. అదేమిటే అని అడిగాను. తను పనిచేసే కంపెనీది అక్కడ పార్సిళ్ళు చేరవేసే వ్యాపారమట.

“ఈ ముదురు ఆకుపచ్చ రీజియన్స్‌లో గ్రోత్ బాగుంది అమ్మమ్మా. గోడౌన్లన్నీ దేశం మధ్యలోకి షిఫ్ట్ అవుతున్నాయి. ఈ లేతరంగువి డల్. అక్కడ బ్రాంచులు ఉంచాలా తీసేయాలా అని రిపోర్ట్ ఇవ్వాలి,” అంది.

“మరి అక్కడ పనిచేసేవాళ్ళో?” అన్నాను.

“వాళ్ళెవరో నాకేం తెలుసు?” అని నవ్వి గ్లాసు అందుకుంది. అందులో తప్పేమీ లేదు, వాళ్ళ ముఖాలు దానికి కనబడవు. నేను మాత్రం నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంటే చాలాసేపటిదాకా లేవబుద్ధి కాలేదు. ఒక వైపు పెరగడం, ఇంకో వైపు తరిగిపోవడం అన్నది మా ఇంట్లోనే, ఒక్క తల్లి బిడ్డల మధ్యనే జరిగింది గనక, ఆ రంగుల వెనక ఏముంటుందో నాకు కొంత తెలుసు.

అరవై ఎనిమిదిలో పెళ్ళయి నేను మూసాపేట వచ్చాను. గుడివాడ దగ్గరి పల్లెటూరి పిల్లని, హైదరాబాదంటే మేడలూ దీపాలూ అనుకున్నదాన్ని, తీరా దిగితే బొంబాయి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని వెనక రెండు గదులు, ఆ వెనక జొన్నచేలు. మా బావగారూ మా ఆయనా కలిసి ఆ షెడ్డులో పార్సిల్ సర్వీసు నడిపేవారు. ఉన్నది ఒకే లారీ. ఇక్కడి నుంచి బట్టల బేళ్ళు, మందుల పెట్టెలు, మోటారు సామాన్లు ఎక్కించుకుని సూర్యాపేట మీదుగా బెజవాడ వెళ్ళి, అటు నుంచి మిరపకాయలు, అల్యూమినియం గిన్నెలు, మామిడి రోజుల్లో పండ్ల బుట్టలు తెచ్చేది. దాన్ని కోస్తా లైను అనేవారు. బావగారు బండితోపాటే తిరిగేవారు, మా ఆయన షెడ్డు చూసుకునేవారు. మా మామగారు పోయాక తమ్ముణ్ణి చదివించి పెంచినవారు బావగారే గనక, ఆయన మాటకి ఎదురు చెప్పడమన్నది మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

షెడ్డు పని మగవాళ్ళదే అని పేరు గాని, మూట కట్టే పనంతా ఆడవాళ్ళదే. నేనూ, నా తోడికోడలూ, షెడ్డు మాకు అద్దెకిచ్చిన ఇంటామే కలిసి గోనెపట్టా పరుచుకుని దబ్బనాలతో బేళ్ళు కుట్టేవాళ్ళం. మా తోడికోడల్ని నేను అక్కయ్యా అనేదాన్ని. కుట్టయ్యాక ఊరి పేరు నల్లరంగుతో రాయడం నా వంతు, ఎందుకంటే నా రాత గుండ్రంగా ఉంటుందని బావగారికి నమ్మకం. ఇంటామె మూసాపేటలోనే పుట్టి అక్కడికే కోడలైన మనిషి, మొగుడికి ఎడ్లబండ్లుండేవి, సనత్‌నగర్ కార్ఖానాల నుంచి రైలు గోదాములకి సరుకు తోలేవాడు. ఆమెకి మా పనితో అవసరం లేదు. మా మాటల కోసం వచ్చి కూర్చునేది, మా యాసకి నవ్వేది, మేము ఆమె యాసకి నవ్వేవాళ్ళం. పురికొస లాగి లాగి అరచేతులు కాయలు కాచి, సాయంత్రానికి భుజాలు పీకేసేవి. రాత్రి అన్నం కలుపుకోవాలంటే వేళ్ళు ముడుచుకునేవి కావు. ఆ వయసులో కూడా అలసటంటే ఏమిటో నాకు బాగానే తెలిసింది.

మా ఆయన షెడ్డు గుమ్మంలో కూర్చుని రోడ్డు మీద పోయే లారీలని చూస్తుండేవారు. బాలానగర్ వైపు కొత్త కార్ఖానాలు లేస్తున్నాయి, రామచంద్రపురం వైపు పెద్ద యంత్రాల ఫ్యాక్టరీ వచ్చింది, రేపో మాపో పటాన్‌చెరు దాకా ఇదే వరస అని ఆయన లెక్క. ఇప్పుడు మేముంటున్న రాయదుర్గం గాని, దాని పక్క మాదాపూర్ గాని ఆ లెక్కలోకి రానే రావు, అటు నుంచి మా షెడ్డుకి వచ్చినవి సీతాఫలాల గంపలు మాత్రమే. పెరిగేదంతా బొంబాయి రోడ్డు పొడుగునే, అటు ఒక లైను వేద్దామని మా ఆయన అన్నప్పుడల్లా బావగారు చుట్ట నోట్లోంచి తీయకుండానే తల అడ్డంగా ఊపేవారు. తెలిసిన ఊళ్ళు, తెలిసిన షావుకార్లు, దారిలో ఎక్కడ ఆగినా అన్నం పెట్టే ఇళ్ళు ఉన్న లైనుని వదిలి, భాష తెలియని దేశానికి బండి తోలడమెందుకన్నది ఆయన ఆలోచన.

అరవై తొమ్మిదిలో ఇక్కడ ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జరిగినప్పుడు బావగారిని బజారులో ఎవరో మీ ఊరు మీరు పొమ్మన్నారు. పెద్ద గొడవేమీ కాదు, చేయి కూడా చేసుకోలేదు, కాని ఆ మాట ఆయనలో దిగిపోయింది. తర్వాత డెబ్బై రెండు చివర్లో కోస్తాలోనూ అదే కోరికతో ఉద్యమం మొదలైంది. ఈసారి అటువైపు రోడ్లు మూతబడ్డాయి, రైళ్ళు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే బావగారు నిండు లోడుతో కోదాడ దాటి ఉన్నారు. రోడ్డు మీద చెట్లు నరికి పడేశారని, తెలిసినవాళ్ళ రైసుమిల్లు ఆవరణలో బండి పెట్టుకున్నారని ఎవరి ద్వారానో కబురొచ్చింది. ఆ తర్వాత వారాల తరబడి ఏ కబురూ లేదు.

అక్కయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. షెడ్డులో కోస్తా బేళ్ళు పేరుకుపోయాయి. హమాలీలు పొద్దున్నే వచ్చి గోడకానుకుని కూర్చుని సాయంత్రం వెళ్ళిపోయేవారు, వాళ్ళ ముఖాలు చూడలేక మా ఆయన లోపలికి వచ్చేసేవారు. ఆ రోజుల్లోనే ఇంటామె ఒక పూట వచ్చి, మేమిద్దరం దబ్బనాలు పక్కన పడేసి కూర్చుని ఉండడం చూసి మధ్యలో కూర్చుంది.

“ఏంది చెల్లె, గిట్ల గూసుంటే ఆయన వస్తడా? మిల్లుల ఉన్నడంటున్నరు గద, తిండికి కొదువ లేదు. జర ధైర్యం జెయ్యుండ్రి.”

“రోడ్డు తెరుచుకున్నా మేమిక్కడ ఉండాలో పోవాలో తెలియడం లేదు అక్కా,” అంది అక్కయ్య.

“ఎటువోతరు? మిమ్మల్ని ఎవలన్న పొమ్మన్నరా? గీ షెడ్డు మాది, మేమైతే అనలేదు. కిరాయి ఫికర్ వెట్టుకోకుండ్రి.”

షెడ్డు పని ఆపి కూర్చోవద్దని చెప్పింది కూడా ఆమె భర్తే. రైళ్ళు సరిగా నడవక ఆయన తోలే కార్ఖానాల పెట్టెలు కూడా నిలిచిపోయాయి, బొంబాయి వెళ్ళే లారీవాళ్ళు అడిగితే ఎక్కించుకుంటామంటున్నారు, మూట కట్టి పెట్టడానికి చోటు కావాలి. మా ఆయన రెండు రోజులు తటపటాయించారు. మూడో రోజు హమాలీలని పిలిచి కోస్తా బేళ్ళని వెనక వసారాలో ఒకదాని మీద ఒకటి పేర్పించి, షెడ్డు ముందు భాగమంతా ఖాళీ చేయించారు. నా చేత్తో నేను మొదటిసారి బొంబాయి అని రాసింది ఆ రోజే.

గొడవలు సద్దుమణిగాక బావగారు వచ్చారు. గడ్డం పెరిగి, సగమైపోయి, బండి దిగి షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. ముందంతా చెక్కపెట్టెలు, ఎవరో తెలియని డ్రైవరు బీడీ కాల్చుకుంటున్నాడు. ఆయన తిన్నగా వెనక వసారాలోకి వెళ్ళి, దుమ్ము పట్టిన కోస్తా బేళ్ళని చూసి తిరిగి వచ్చారు. అక్కయ్య తెచ్చిన మంచినీళ్ళు కూడా తీసుకోలేదు.

“నేనక్కడ బండి కింద పడుకుని సరుకు కాపలా కాస్తుంటే, నువ్విక్కడ లైను మార్చేశావట్రా?”

“మార్చలేదు అన్నయ్యా. ఇదొకటి కలిపాను. హమాలీలు పస్తులున్నారు, ఏం చెయ్యమంటావు? రెండు లైన్లూ నడుపుదాం.”

“మన సరుకు వసారాలో ఉంది. షెడ్డులో వాళ్ళ సరుకుంది. ఇంక నువ్వు చెప్పేదేముంది?”

మా ఆయన ఆ పెట్టెలు ఆ పూటే బయట పెట్టించి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయన పెట్టించలేదు. బావగారు నాలుగు రోజులుండి, బండి తీసుకుని బెజవాడలోనే ఆఫీసు పెట్టుకుంటానన్నారు. షెడ్డు, బొంబాయి లైను తమ్ముడికి, బండి, కోస్తా లైను తనకి. ఎవరూ గొంతు పెంచలేదు, పెద్దమనుషులు రాలేదు. వెళ్ళే ముందు రోజు ఒక పెద్ద బేలు మిగిలిపోతే అక్కయ్య ఒక కొస నుంచి, నేను ఇంకో కొస నుంచి కుట్టుకుంటూ వచ్చాం. మధ్యలో మా చేతులు కలిసినప్పుడు ఆవిడ దబ్బనం కింద పెట్టి, నువ్వు ముడి వెయ్యమ్మా అని లేచి వెళ్ళిపోయింది.

తర్వాతి ఏళ్ళ గురించి చెప్పాలంటే, మా ఆయన లెక్క తప్పలేదు. కార్ఖానాలు పెరిగాయి, షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది, రెండు లారీలు వచ్చాయి. నేను ఒక బిడ్డని కని, మళ్ళీ గోనెపట్టా మీదికే వచ్చాను. పెరగడమంటే సుఖమనుకుంటారు, మాకు అది నిద్ర లేకపోవడం, షోలాపూర్ దగ్గర ఇరుసు విరిగిందన్న కబురు, తడిసిన మందుల పెట్టె కోసం ఎవరితోనో మాటలు పడడం. కోస్తా పార్సిళ్ళు అప్పుడప్పుడూ వస్తే మా ఆయన వాటిని వేరే సర్వీసుకి అప్పగించేవారు, అన్నగారికి పంపడానికి మొహం చెల్లక. అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. పండగలకీ, పిల్లల పుట్టువెంట్రుకలకీ అక్కయ్య, నేను ఎవరో ఒకరి ద్వారా క్షేమం తెలుసుకునేవాళ్ళం, అంతే.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బావగారు వచ్చారు. కంటికి పొర కమ్మిందని ఇక్కడ దవాఖానాలో చూపించుకోవడానికి వచ్చి, బస్టాండు నుంచి తిన్నగా మూసాపేట వచ్చేశారు. మా ఆయన బండికి లోడు వేయిస్తున్నారు. అన్నగారిని చూసి చేతిలో తాడు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. బావగారే వెళ్ళి ఒక బేలు మీద కూర్చున్నారు.

“బొంబాయి లైను ఎలా ఉందిరా?”

“పర్లేదు అన్నయ్యా. మందుల పెట్టెలు ఎక్కువ. పంపుసెట్లు కూడా వస్తున్నాయి. మీ వైపు?”

“మా వైపేముంది. మిరపకాయల రోజుల్లో చేతినిండా పని, తక్కిన రోజుల్లో ఖాళీ తిరుగుడు. పెద్ద సర్వీసులు వచ్చాయి కదా.”

అన్నేళ్ళ తర్వాత కలిసిన అన్నదమ్ములు ఏం మాట్లాడుకుంటారో అని తలుపు పక్కన నిలబడిన నేను, వాళ్ళు ఏ ఊరికి సరుకు పెరిగింది, ఏ ఊరికి తగ్గింది అని అడుగుతూ చెప్పుకుంటూ కూర్చోవడం చూసి, అన్నం వడ్డించడానికి లోపలికి వచ్చేశాను. తినేటప్పుడు మా ఆయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, తలెత్తకుండా అన్నారు.

“రేపటి నుంచి కోస్తా పార్సిళ్ళన్నీ మన బండికే ఇస్తాను అన్నయ్యా. వారానికి మూడు లోడ్లైనా ఉంటాయి.”

బావగారు అన్నం కలుపుతూనే చెప్పారు.

“బండి లేదురా. పోయినేడే అమ్మేశాను. ఒకళ్ళ ఆఫీసులో బుకింగ్ చూస్తున్నాను.”

మా ఆయన తలెత్తారు. “నాకొక్క మాట చెప్పకూడదా?”

“ఏమని చెప్పనురా?”

“ఇక్కడికి వచ్చెయ్యి. వదిననీ తీసుకొచ్చెయ్యి. షెడ్డు నువ్వే చూసుకో.”

“ఇప్పుడా,” అన్నారు బావగారు. కోపంగా కాదు, దూరంగా ఉన్న ఊరి పేరు ఎవరో చెబితే అన్నట్టు. “ఓపిక లేదురా. అక్కడే గడిచిపోతుంది.”

వెళ్ళేటప్పుడు నాతో, వాడు బాగా చిక్కిపోయాడమ్మాయ్, వేళకి పెడుతున్నావా అని అడిగారు. ఇంటామె భర్త దవాఖానాకి వెళ్ళే బస్సు దాకా దిగబెట్టి వచ్చాడు. ఆ సాయంత్రం లోడు పూర్తి చేయకుండా బండి అలాగే నిలిచిపోయింది. మా ఆయన బేళ్ళ మధ్య కూర్చుని ఉంటే హమాలీలు తాళ్ళు చుట్టిపెట్టి ఇళ్ళకి వెళ్ళిపోయారు. అన్నదమ్ములు ఆ తర్వాత మళ్ళీ కూర్చుని తినలేదు. తర్వాత కంటి ఆపరేషన్‌కి వస్తానని కబురు పెట్టిన బావగారు రాలేదు, రెండేళ్ళకి ఆయన పోయారన్న కబురే వచ్చింది.

మా ఆయన పోయి కూడా చాలా కాలమైంది. పెద్ద కంపెనీల ముందు మా రెండు లారీలు ఎన్నాళ్ళో నిలవలేదు, అది ఎవరి తప్పూ కాదు, మా వంతు వచ్చింది అంతే. మూసాపేటలో ఇప్పుడు మెట్రో దిగి చూస్తే మా షెడ్డు ఉన్న చోటేదో నాకే పోల్చుకోవడం కష్టం. బెజవాడలో అక్కయ్య ఉంది, ఫోనులో మాట్లాడుకుంటాం, మోకాళ్ళ గురించీ, మందుల గురించీ. ఎవరి లైను పెరిగింది, ఎవరిది ఆగింది అని మేమెప్పుడూ అనుకోలేదు, ఇక అనుకోం.

ఒక్కటి మాత్రం ఈ మధ్య తరచు అనిపిస్తోంది. ఆ రోజుల్లో ఒక వైపు సరుకు తగ్గితే, తగ్గిందని చెప్పడానికైనా ఆ వైపు మనిషి బస్సెక్కి వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. అతని ముఖం చూసేవాళ్ళం, విస్తరి వేసేవాళ్ళం, ఏమీ చెయ్యలేకపోయినా ఆ పూట బండి ఆపుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరి కోసమూ ఏ బండీ ఆగదు. సరుకు ఇంత తొందరగా చేరిపోతున్న ఈ రోజుల్లో, ఆ పటంలో లేతరంగు ముక్కల్లో ఉన్న మా బావగారిలాంటివాళ్ళు ఎక్కడికి వచ్చి కూర్చుంటారో నాకు తెలియదు.