కూర్చుని చూస్తేగానీ ఇవ్వడు

తనిఖీ మావయ్యకున్న జబ్బల్లా ఒక్కటే. తాను స్వయంగా కూర్చుని చూస్తేగానీ ఏ సంస్థకూ పైసా రాల్చడు. వీధివాళ్ళు ఆయనకి ఆ పేరు ఊరికే పెట్టలేదు.

కళ్ళజోళ్ళ షాపు నడిపిన రోజుల్లోనూ ఇంతే. వచ్చినవాడి ముక్కు మీద అద్దం తీసి అద్దం పెట్టి, "ఇప్పుడెలా ఉంది? మరి ఇప్పుడు?" అంటూ, ఉన్న చూపు కూడా పోతుందేమోనని వాడు హడలిపోయేదాకా వదిలేవాడు కాదు. ఆ షాపు అమ్మినప్పుడు, వచ్చినదాంట్లో ఒక వాటా ఏదైనా మంచి సంస్థకి ఇద్దామంది అత్తయ్య. మావయ్య వెంటనే సరేనన్నాడు. అప్పుడే అనుమానించాల్సింది, పాపం ఆవిడకి తట్టలేదు.

ఎక్కడికి వెళ్ళినా ఆయన పద్ధతి మారదు. ముందు ఆఫీసు గదిలో దాతల కోసం వేసిన కుర్చీలో కూర్చుంటాడు. తర్వాత లేచి వెళ్ళి, సాయానికి వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చుంటాడు. ఇది దానికంటే గట్టిగా ఉందా, సంస్థ ఫెయిల్.

వీధికుక్కల్ని సాకేచోట ఆఫీసు సోఫాలో కాసేపు కూర్చుని, తిన్నగా వెళ్ళి కుక్కగూట్లో తల దూర్చాడు.

"సార్! సార్! అది కరుస్తుంది!" మేనేజరు లబలబలాడాడు.

"కరవనీవయ్యా. దాని పక్క చూడొద్దూ?" అని లోపల్నుంచి జవాబు.

ప్యాంటు చిరిగి బయటికొచ్చాడు. "దానికేమో గోనెపట్టా, మీకేమో దూది పరుపా? ఫెయిల్!"

వృద్ధాశ్రమంలో మంచం ఎలా ఉందో చూస్తానని నడుం వాల్చి గుర్రు పెట్టాడు. కొత్తగా చేరినాయన కాబోలనుకుని ఆయా లేపి పాలు పట్టింది, ఎవరిదో మాత్ర కూడా మింగించింది. అత్తయ్య వెళ్ళి ఈయన మా ఆయనేనని మొత్తుకుంటే, "అందరూ ఇలాగే చెప్పి తీసుకెళ్ళిపోతారమ్మా" అందట.

నవ్వి ఊరుకోవచ్చు గానీ, అత్తయ్యకి లోపల ఒక బెంగ ఉంది. పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ళకి ఉచితంగా వ్యాయామం చేయించే కేంద్రం ఒకటుంది. ఆవిడ చెల్లెలు మళ్ళీ నడక నేర్చింది అక్కడే. అద్దె బాకీ పడ్డారని బిల్డింగు ఓనరు ఖాళీ చేయమంటున్నాడు. ఈ నెలాఖరుకి ఎవరూ ఆదుకోకపోతే మూతే. మావయ్యేమో అక్కడా కూర్చుని చూసొచ్చి, "రోగులకి చెక్కబల్ల వేశారు. ఫెయిల్" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "తొందరేముందే, ఇంకా చూడాలి" అన్నదే మాట.

ఇక లాభం లేదని, ఆ కేంద్రం నడిపే డాక్టరమ్మకి క్షమాపణ చెప్పుకుని వద్దామని ఒక ఉదయం ఒంటరిగా బయల్దేరింది. ఆ మనిషికి ఇంత రాతిగుండె ఏమిటని దారంతా తిట్టుకుంటూనే ఉంది.

తీరా వెళ్ళి చూస్తే, ఆ బల్ల మీద రోగుల మధ్య ఇరుక్కుని కూర్చున్నది ఎవరు? తనిఖీ మావయ్యే! బల్ల నిండా కొత్త దిళ్ళు. పక్కన ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఆయన భుజం పట్టుకుని లేవడం సాధన చేస్తూ, సరిగ్గా పట్టుకోవడం లేదని తిట్టిపోస్తున్నాడు.

"రోజూ వస్తారుగా!" అంది డాక్టరమ్మ. "దిళ్ళు కూడా ఆయనే తెచ్చారు. ఏమంటే ఇంకా పరీక్ష అవలేదంటారు."

అత్తయ్య మొగుణ్ణి వరండాలోకి లాక్కొచ్చింది. "ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు ఇవ్వడానికేమండీ? మూసేస్తే ఎవరితో కూర్చుంటారు?"

మావయ్య తల గోక్కున్నాడు. "ఇవ్వాలనే ఉందే. కానీ మొన్న ఒక దాత వచ్చాడు. ఆయన్ని చూసి వీళ్ళంతా లేచి నిలబడ్డారు. లేవడానికి ఒక్కొక్కళ్ళు ఎంత అవస్థపడ్డారో నువ్వు చూడలేదు. డ్రైవరుగారు పడిపోబోయాడు కూడా. ఇచ్చానని తెలిస్తే రేపు నన్ను చూసీ లేస్తారు. నాకది చూసే ధైర్యం లేదు."

అత్తయ్యకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఈ మాట ముందే చెప్పి ఏడిస్తే ఏం పోయిందని కసిరి, ఆయన జేబులోంచి చెక్కుబుక్కు లాగి అక్కడే సంతకం పెట్టించి, ఆ చెక్కు, తానే లోపలికెళ్ళి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. ఎవరిచ్చారో బల్ల మీదున్న ఒక్కరికీ తెలియకూడదని ఒట్టు వేయించుకుంది.

కేంద్రం నిలబడింది. కబురు తెలిశాక మావయ్య లోపలికి వస్తుంటే డ్రైవరుగారు ఉన్నచోటునుంచే విరుచుకుపడ్డాడు. "ఎవరో ముక్కూమొహం తెలీని మహానుభావుడు ఇచ్చి పోయాట్ట! నువ్వూ ఉన్నావు, ఇన్నాళ్ళుగా చూస్తూనే ఉన్నావు. సిగ్గులేదుటయ్యా?"

"తొందరపడకూడదు కదండీ" అన్నాడు మావయ్య.

"పిసినారి పీనుగా! కూర్చో, కూర్చో."

తిట్లు తిన్నవాడి ముఖం అంతలా వెలిగిపోవడం అత్తయ్య ఎప్పుడూ చూడలేదు. ఆయన వెళ్ళి వాళ్ళ మధ్య సర్దుకుని కూర్చున్నాడు. ఒక్కరు కూడా లేవలేదు.