దొర వచ్చినా ఆగని పద్యం

ఇందుమూలంగా పాలమూరు కాపురస్తులందరికీ, ముఖ్యంగా మా గల్లీ వాళ్లకు, తెలియజేయునది ఏమనగా: ఇకమీదట తెల్లవారే వేళ ఎవరూ ఉలిక్కిపడి లేవనవసరం లేదు. కోళ్లు తమ పాత కొలువులో మళ్లీ చేరవచ్చు. బాయి గిరక ఎంత కిర్రుమన్నా శ్రుతి తప్పిందని దాన్ని తిట్టేవారు లేరు. మా ఇంటి వెనక గాడిద ఓండ్ర పెడితే, పై షడ్జం అందలేదని దానికి పాఠం చెప్పేవారూ లేరు. ఎందుకంటే మా మేనమామ, నలభై ఊళ్లలో రాజు వేషం కట్టి సొంత ఊళ్లో కిరాయి ఇంట్లో ఉన్నవాడు, మొన్న మంగళవారం పోయాడు.

పగటిపూట జొన్నరొట్టె తిని గోడకు ఆనుకుని కూర్చున్నాడట. నీళ్లు తెమ్మన్నాడట. అత్త చెంబుతో వచ్చేసరికి లేడు. నేను పోయేసరికి ఆమె ఆ చెంబు ఒళ్లో పెట్టుకునే ఉంది. ఏడవడం లేదు. కోపంగా ఉంది.

"దొర కోసం ఆగనోడు," అంది నాతో, "నా కోసం జరంత ఆగొద్దారా అల్లుడా."

ఆ దొర సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు నాలుగో జమాతు దాటి చదువు లేదు. తప్పులుంటే మీరు దిద్దుకోండి. మామ మీద ప్రేమ ఎక్కువై ఎక్కడైనా కోతలు కోశానంటే అది మాత్రం దిద్దకండి.

మామ ఇంటి అరుగు మీద ఎప్పుడూ ఒకరిద్దరు పడుచువాళ్లు కూర్చుని ఉండేవాళ్లు. నల్లగొండ వైపు నుంచి, అమ్రాబాదు అడవి పక్క పల్లెల నుంచి కూడా వచ్చేవాళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న. పాట పాడి బతకొచ్చా, బతికితే ఏ దారిన పోవాలి. మామ ఎవరినీ వెంటనే పాడమనేవాడు కాదు. ముందు అత్తను పిలిచి రొట్టె, పచ్చిపులుసు పెట్టించేవాడు. వాళ్లు మొహమాటపడితే చెప్పేవాడు.

"ఆకలైతే అందరు మంచిగనే పాడుతరు. కడుపు నిండినంక పాడు. నీకు పాట గావాల్నో బువ్వ గావాల్నో గప్పుడు తెలుస్తది."

తిన్నాక సగం మంది నిద్రపోయేవాళ్లు. మెలకువగా ఉన్నవాళ్లకు దారులు చెప్పేవాడు. భజన మేళంలో చేరితే కొబ్బరిముక్కకు లోటుండదు, కూరకు ఉంటుంది. నాటక కంపెనీలో తిండి పెడతారు, కాని ఎప్పుడు పెడతారో కంపెనీ యజమానికి కూడా తెలియదు. పెళ్లి మేళమైతే సగం ఏడాది ముహూర్తాల వెంట పరుగు, మిగతా సగం ముహూర్తాల కోసం ఎదురుచూపు. గ్రామఫోను ప్లేటు ఇవ్వాలంటే మద్రాసు పోవాలి, పాటను వాళ్లకిచ్చి గొంతు మాత్రం తెచ్చుకోవాలి. ఇక పట్నంలో కొత్తగా రేడియో వచ్చింది, అందులో పాడితే విన్నవాడు మెచ్చాడో తిట్టాడో పాడినవాడికి తెలియదు, కనుక అన్నిటికన్నా అదే సుఖం.

గొంతులో రాళ్లున్న ఒకతన్ని మామ పట్నంలో గ్రామఫోను దుకాణంలో కుదిర్చాడు. అతను సూదులు అమ్ముతాడు, ప్లేట్ల దుమ్ము తుడుస్తాడు. ఇదేం సంగీతమని నేను వెక్కిరిస్తే మామ ఊరుకోలేదు. సూది అమ్మేవాడు లేకపోతే ప్లేటు పాడుతుందా అని నన్నే నిలదీశాడు. అతను ఇప్పటికీ ఏటేటా మామకు ఒక సూదుల డబ్బీ తెచ్చి ఇచ్చిపోతాడు. మామకు గ్రామఫోను లేదు. డబ్బీలన్నీ అటక మీద వరసగా ఉన్నాయి.

నా సంగతికి వస్తే, మీసాలు మొలిచిన రోజుల్లో నాకు గ్రామఫోను ప్లేటు మీద మోజు. మామ సరేనన్నాడు. యంత్రం ముందు పాడేవాడు చేతులు ఊపకూడదు, తల తిప్పకూడదు, ఎదుట జనం ఉండరు, ఇది అలవాటు కావాలన్నాడు. ఇంట్లో ఖాళీ జొన్నల గుమ్మి ఉంది. అందులో తల దూర్చి పాడమన్నాడు. నాలుగు రోజులు పాడాను. జొన్నల నుసికి తుమ్ములే తప్ప రాగం రాలేదు. ఒకనాడు ముందుగా అత్త పెట్టకోడిని గుమ్మిలో దాచి, ఈసారి నువ్వు పాడి చూపించు మామా అన్నాను. మామ తల పెట్టి గొంతు ఎత్తగానే లోపలి నుంచి కోడి అందుకుంది. ఇల్లంతా ఈకలు. మామ తల బయటికి తీసి, మీసాల మీది ఈక దులుపుకొని తీర్పు చెప్పాడు.

"నీకంటె నయం. శ్రుతిల ఉన్నది."

మరునాడే ఎక్కడో బేరం చేసి పాత క్లారినెట్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాకు గొంతు లేదట, ఊపిరి మాత్రం బోలెడుందట. "పైగా నీ నోరు ఖాళీగ ఉంటె ఊరికి మంచిది కాదు. గిది పెట్టుకో." ఇరవై ఏళ్లుగా పెళ్లి మేళంలో నా పిల్లలకు అన్నం పెడుతున్నది ఆ క్లారినెట్టే. ఊదనప్పుడు నా నోరు ఏం చేస్తుందో మీకు తెలుసు.

ఇప్పుడు దొరల ఊళ్లలో నాటకం ఎలా సాగేదో చెప్పాలి. ముందు వరసలో దొరకు కుర్చీ వేసి, దాని మీద తెల్ల దుప్పటి పరుస్తారు. దొర సమయానికి వస్తే ఆయన దొర ఎలా అవుతాడు? నాటకం సగమయ్యాక వస్తాడు. తలారి 'దొర వస్తుండు' అని కేక వేస్తాడు. ఆ కేక వినగానే జనం లేచి తలలు వంచుకోవాలి. వేదిక మీద పద్యం ఎక్కడుంటే అక్కడ ఆగాలి. రాజు వేషంలో ఉన్నవాడు సింహాసనం దిగి, కిరీటంతోనే వంగి దండం పెట్టాలి. దొర కూర్చున్నాక పద్యం మళ్లీ మొదటి నుంచి. అప్పటికి ఆయనకు విసుగొచ్చి, ఇది చాలు, తరవాతది కానియ్యమంటాడు.

మామకు పేరు తెచ్చిన పద్యం రాజ్యం పోగొట్టుకున్న రాజు పాడేది. ఆఖరి పాదంలో ఆ రాజు కిరీటం తీసి కింద పెట్టి, ఇప్పుడు తల తేలికైంది అంటాడు. ఆ ఒక్క పాదం కోసమే మామ ఆ వేషం కట్టేవాడు. దొరల ఊళ్లలో మాత్రం ఆ పాదం దాకా ఎన్నడూ పోలేదు. ప్రతిసారీ దండం దగ్గరే తెగేది.

అందుకే రేడియోలో పాడమని పిలుపు వచ్చినప్పుడు మామ ఎగిరి గంతేశాడు. అక్కడ తబలా వాయించే పరిచయస్తుడొకడు రేడియో వాళ్లకు చెప్పి ఒప్పించాడు. రేడియోలో కుర్చీ ఉండదు, దొర రాడు, పద్యం మొదటి నుంచి చివరి దాకా పోతుంది. మామ రైలెక్కి పట్నం పోయాడు. మేమంతా ఇక్కడ ఒక వకీలు సాబు ఇంటి ముందు కూడాం, మా గల్లీకి దగ్గరలో రేడియో ఉన్న ఇల్లు అదొక్కటే. అత్త కొత్త చీర కట్టుకుని ముందు కూర్చుంది, రేడియో లోపలి నుంచి మామ తనను చూస్తాడన్నట్టు.

పద్యం మొదలైంది. ఎంత బాగా మొదలైందంటే వకీలు సాబు హుక్కా పక్కన పెట్టాడు. సగంలో చటుక్కున తెగింది. ఒక క్షణం గరగర. ఆ తర్వాత రేడియోలో మామ గొంతు, మెత్తగా: "దండం దొరా."

పద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆఖరి పాదం రాకముందే సమయం అయిపోయి, ఉర్దూలో వార్తలు వచ్చాయి. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అత్త లేచి ఇంటికి పోయింది.

జరిగింది ఇది. పాడే గదిలోకి షేర్వాణీ తొడిగి, రూమీ టోపీ పెట్టుకున్న మనిషి తలుపు తోసుకుని వచ్చాడు. మామ ఆ షేర్వాణీని చూశాడు, నడుముకున్న బిళ్లను చూడలేదు. వచ్చినవాడు చప్రాసీ. చేతిలో మంచినీళ్ల కూజా ఉంది.

ఆ తర్వాత మామ బజారుకు పోతే పిల్లలు దండం దొరా అని అరిచేవాళ్లు. చాయ్ హోటల్లో నేనూ ఆ వేషం కట్టి చూపించి నలుగురిని నవ్వించాను. మామకు తెలిసింది. తెల్లవారుజాము సాధకం మానేశాడు. గల్లీలో నిశ్శబ్దం వచ్చింది, అన్నాళ్లూ ఆ గొంతును తిట్టినవాళ్లకు పొద్దున లేవబుద్ధి కాలేదు. అరుగు మీదికి వచ్చిన పడుచువాళ్లకు రొట్టె పెట్టించి పంపేసేవాడు.

"నా తానికి రాకుండ్రి," అనేవాడు. "నాకు పాటకంటె దండమే మంచిగ వచ్చు. నేను నేర్పితె మీకు గదే వస్తది."

హాస్యానికి అనలేదు ఆ మాట. దొర వచ్చినా ఆ పద్యం ఒక్కసారైనా ఆపకుండా పాడితే తప్ప ఆయన ఇక ఎవరికీ పాఠం చెప్పడని నాకు అర్థమైంది.

కొత్తకోట దగ్గరి ఒక ఊళ్లో జాతరకు నాటకం పెట్టారు. వాళ్ల రాజు వేషగాడికి జ్వరం. మామను పంపమని కబురొచ్చింది. ఆయన ససేమిరా అన్నాడు. అత్త కిరీటం తుడిచి సంచిలో పెట్టి, నువ్వు పోకపోతే నేనే ఇది పెట్టుకుని పోతానంది. బండిలో పోతుంటే దారి పొడుగునా మామ మెడ రుద్దుకుంటూనే ఉన్నాడు.

"అల్లుడా, దొర వస్తె నా మెడ దానంతటదే వంగుతది. నా చేతుల లేదు."

"నేను తెర ఎనక ఉంట మామా," అన్నాను. "నీ మెడ వంగితె క్లారినెట్ చెవుల ఊదుత. దండం మర్చిపోయి గంతేస్తవ్."

నవ్వాడు. చాలా రోజుల తర్వాత.

చీకటి పడగానే గ్యాసు బత్తీలు వెలిగించారు. ముందు వరసలో కుర్చీ, దాని మీద తెల్ల దుప్పటి. మామ కళ్లకు బత్తీ వెలుగు తప్ప ఏమీ కనిపించదు. పద్యం ఎత్తుకున్నాడు. మూడు పాదాలు దాటాయో లేదో, చీకట్లోంచి కేక వచ్చింది. 'దొర వస్తుండు.' జనమంతా లేచి తలలు వంచారు. హార్మోనియం వాయించేవాడు చేతులు తీసేశాడు. మామ మెడ వంగబోయింది. మెడ నరాలు బిగిశాయి. కుడి చేయి దండానికని లేచింది. లేచి, కిరీటం దాకా పోయింది. కిరీటం తీసి కింద పెట్టి, శ్రుతి లేకుండా ఒంటి గొంతుతో, తల తేలికైందన్న పాదం చివరి అక్షరం దాకా పాడాడు. దొర కూర్చోకుండా, నిలబడే విన్నాడు.

తెర వెనక్కి వచ్చి మామ నా భుజం పట్టుకున్నాడు. చేయి చల్లగా ఉంది.

"దొర ఏమన్నడురా?"

"ఏమనలే మామా. నిలబడి విన్నడు, పోయిండు."

మరునాడు పాలమూరులో ఈ వార్త నాకంటే ముందు దిగింది. పిల్లలు దండం దొరా అనడం మానేశారు. అరుగు మళ్లీ నిండింది. అడిగిన ప్రతివాడికీ మామ ఈ కథ చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా దొర కొంచెం మంచివాడయ్యేవాడు. చివరి చివరికి దొర చెప్పులు విడిచి నిలబడ్డాడు కూడా. దారులన్నీ చెప్పాక ఒక మాట కలిపేవాడు: "ఏ తొవ్వల వొయినా మంచిదే. నడుమల మాత్రం ఆపకు."

ఇప్పుడు దొరలే గడీలకు తాళాలు వేసి పట్నం పోతున్నారు. మామ కూడా లేడు. నాకిక దాపరికం ఎందుకు?

దొర రాలేదు. ఆ రోజు ఆయన ఊళ్లోనే లేడు. తలారి గొంతుతో తెర వెనక నుంచి కేక వేసింది నేను. దొర వచ్చాడంటే తలెత్తి చూసే అలవాటు ఎవరికీ లేదు గనుక, వందల మంది తలలు వంచుకుని ఆయన వచ్చాడనే నమ్మారు, తలలెత్తాక కుర్చీ ఖాళీగా కనిపిస్తే విని పోయాడనుకున్నారు. మామ ఆపకపోవడం నిజం, ఆ పాదం నిజం, ఆ చల్లటి చేయి నిజం. దొర ఒక్కడే నా సొంత కల్పన. తర్వాత కొన్నాళ్లకు ఆ దొర, తాను ఆ పద్యం నిలబడి విన్నానని చుట్టాలకు చెప్పుకున్నాడట. ఉత్తపుణ్యానికి వచ్చిన పేరు ఎవరు కాదంటారు?

దొర చెప్పులు విడిచాడని మాత్రం నేను మామకు ఎన్నడూ చెప్పలేదు. ఆ మాట ఆయన ఎక్కడి నుంచి తెచ్చాడో అడగలేదు. నా కేకను ఆయన గుర్తు పట్టాడేమో, నాకు తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, ఇద్దరం ఒకరి అబద్ధాన్ని ఒకరం ఇన్నేళ్లూ చక్కగా కాపాడుకున్నాం.

అందరూ తలలు వంచుకున్న ఆ వేళ, తలెత్తి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. మామ ఆఖరి పాదం అందుకున్నప్పుడు గాలి వచ్చింది. ఖాళీ కుర్చీ మీది తెల్ల దుప్పటి లేచి నిలబడి, పద్యం అయ్యాక మెల్లగా కూర్చుంది.