పేడపురుగులకు ఇడ్లీ ప్లేటు

సేకరించిన పురుగులకు దానంతట అదే ఫొటోలు తీసే విదేశీ యంత్రం కొనే స్తోమత ఢిల్లీలోని మా ల్యాబ్‌కు లేదు. బీరువాల నిండా ఉన్న పేడపురుగులను ఒక్కొక్కటే ఫొటో తీయమనేసరికి నాకు ఒళ్లు మండింది. మునిర్కాలోని మా గదికి వెళ్లి, ఇడ్లీ స్టాండు విప్పి ఒక ప్లేటు పట్టుకొచ్చాను. కడ్డీ దూర్చే నడిమి కన్నం పాత ప్రింటర్ మోటారుకు అతికినట్టు సరిపోయింది. గుంటకో థర్మకోల్ ముక్క, దాని మీద సూదికి గుచ్చిన పురుగు. ప్లేటు ఒక గుంట మేర తిరిగి ఆగగానే పైనున్న డిజిటల్ కెమెరా క్లిక్‌మనేది. నేను హాయిగా టీ తాగేదాన్ని.

మా రీసెర్చ్ గైడు పంజాబీ పెద్దమనిషి. "క్యా స్పెషల్ ట్రే హై!" అని వచ్చిన వాళ్లందరికీ చూపించి మురిసిపోయేవారు. అది ఎక్కడిదో నేనూ చెప్పలేదు.

ఓ ఆదివారం ఆయన్ని టిఫిన్‌కు పిలిచాం. ఆయన ఇష్టంగా తింటుండగా నా రూమ్మేటు రెండో వాయి దించి, పొగలు కక్కుతున్న స్టాండును ఎదురుగా పెట్టింది. ఆయన నమలడం ఆపేశారు. ప్లేట్ల వరుసలో నడుమ ఒక జాగా ఖాళీగా ఉంది.

"బీచ్‌వాలీ ప్లేట్ కహాఁ హై?" అని మధ్య ప్లేటు ఎక్కడుందో మెల్లగా అడిగారు.

"ల్యాబ్‌లో ఉంది సార్. వారం వారం ప్లేటు మారుస్తుంటాం" అన్నాను, ఆయనకు ఇంకో ఇడ్లీ వేస్తూ.