పాతమనిషి జవాబు

మా ఇంట్లో దయ్యం అన్న మాట వినబడితే మా తాత సగం అన్నంలో చేయి కడుక్కుని లేచిపోయేవాడు. భయం మన ఇంటికి లేదు అనేవాడు. ఆయన చెప్పిన చాలా మాటలు తర్వాత తప్పని తేలాయి గాని, దయ్యాలు లేవన్న మాట మాత్రం నాలో గట్టిగా నిలిచిపోయింది. ముప్పై ఏళ్లు బొగ్గు గని దగ్గర పనిచేశాను. మా వైపు గనిని బాయి అంటారు. బాయిలో పోయినవాళ్లు మళ్లీ కనిపించారని ఒట్టు పెట్టి చెప్పినవాళ్లను చూశాను. ఒక్కరినీ నమ్మలేదు.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఓపిక తగ్గింది. జరిగింది జరిగినట్టు రాసిపెడతాను.

కమాన్‌పూర్ వైపు మాకు ఒక ఊరుండేది. ఊళ్లో భూములుండేవి అనడం లేదు, ఊరే ఉండేది. కొంత చట్టాల వల్ల పోయింది, కొంత మా పెద్దవాళ్ల కోర్టు పిచ్చి వల్ల పోయింది. మిగిలింది మేముండే గడితో సహా ఓపెన్‌కాస్టు గనిలో కలిసింది. మా దేవుడి గది ఉన్న చోట ఇప్పుడు పెద్ద గొయ్యి, దాని అడుగున చీమల్లా డంపర్లు. నాకు మిగిలినవి మా అమ్మ, ఒక ట్రంకు పెట్టె, ఆ పెట్టెలో తాత కాలం నాటి సనదులు, అంటే ఊరు మాదని చెప్పే హక్కు పత్రాలు. వాటితో ఇక రావలసింది ఏమీ లేదు. అయినా ఏడాదికోసారి అమ్మ వాటిని తీసి దులిపి మళ్లీ మడతపెట్టేది. నాకు పెళ్లి కాలేదు. వచ్చిన సంబంధాలు మా స్థాయివి కావని చాలాకాలం అనుకున్నాం. తర్వాత సంబంధాలు రావడం మానేశాయి.

నా ఉద్యోగం ల్యాంపు రూములో. బాయి దిగే ప్రతి మనిషి షిఫ్టుకు ముందు మా కిటికీ దగ్గరికి వచ్చి బిళ్ళ ఇచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకుంటాడు. నాకంటే ముందున్న క్లర్కు లైటు ఇస్తూ ప్రతి ఒక్కరికీ "పైలం" అనేవాడట. జాగ్రత్త అని. అది అక్కడి రివాజు. నేను అనలేదు. ఆ వరుసలో నిలబడేవాళ్లలో సగం మంది తండ్రులు మా తాత ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాళ్లు. నా నోరు రాలేదు. నా వెనుక నన్ను లైట్ల దొర అంటారని నాకు తెలుసు.

ఓదెలు అనే టింబరు పనివాడు ఒక్కడే లైటు తీసుకున్నాక ఒక్క క్షణం ఆగేవాడు. పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని అతనిది. నేనేమైనా అంటానేమోనని ఆగేవాడు. అననని తేలాక తనే "పైలం, దొరా" అని పోయేవాడు. దిగేది అతను. పైన కుర్చీలో కూర్చునేది నేను.

ఒకరోజు వెనుకనుంచి ఎవడో అరిచాడు. "ఏందే ఓదెలూ, గడి పోయి గుంతయింది, నీ వెట్టి ఇంక పోలేదా? లైట్ల దొరకు దండం పెట్టి కదులు, లైను ఆగింది!"

ఓదెలు వెనక్కి తిరగకుండానే అన్నాడు. "అది మనిషికి మనిషి చెప్పుకునే మాటరా. దొరకైతే వద్దా?"

నేను రిజిస్టరు ముందుకు తోశాను. అతను వేలిముద్ర వేసి వెళ్లిపోయాడు. అతనికి అక్షరం ముక్క రాదు. ఇరవై ఏళ్ల రిజిస్టర్లలో అతని బొటనవేలి ముద్రే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఓదెలు రిటైరయ్యాడు, ఊపిరితిత్తులు చెడి రెండేళ్లు దగ్గి పోయాడు. అతని భార్య పోశవ్వ మా పక్క క్వార్టర్లో కూతురి కుటుంబంతో ఉండేది. చావుకు నేను వెళ్లలేదు. ఆ రోజు డ్యూటీ ఉందని చెప్పుకున్నాను.

తెలంగాణ రావడానికి నాలుగేళ్ల ముందు సంగతి ఇది. ఇంట్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే, ఇంటి పనులేవీ నాకు రావు. చిన్నప్పుడు నేర్పినవాళ్లు లేరు, అవసరం రాదనుకున్నారు. పొయ్యి పాడైతే, మోటారు ఆగితే కాలనీలో ఎవరినో అడగాలి. అడిగితే, "దొరకు గిది గూడ తెల్వదా" అని ఒక నవ్వు వస్తుంది. ఆ నవ్వు పడలేక గోదావరిఖని చౌరస్తాలో సలీం నడిపే నెట్ సెంటర్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. అప్పట్లో ఇంటి సలహాల కోసం ఒక తెలుగు సైటుండేది. ఎవరైనా ప్రశ్న పెట్టవచ్చు, ఎవరైనా జవాబు రాయవచ్చు. పేరు చెప్పనక్కర్లేదు. తెలుగులో టైపు కొట్టడం సలీం చూపించాడు. నేను ఏ ఊరివాణ్ణో, ఏం చేస్తానో అందులో ఎక్కడా రాయలేదు.

మొదటి ప్రశ్న గ్యాసు పొయ్యి గురించి. మంట పచ్చగా వచ్చి గిన్నెలు మసిబారుతున్నాయి. నలుగురు ఇంగ్లీషు అక్షరాల్లో ఏవేవో రాశారు. ఒకరు మాత్రం శుభ్రమైన తెలుగు అక్షరాల్లో రాశారు. పేరు "పాతమనిషి".

"ముందు గాలి చూసుకోవాలె. బర్నరు కింద గాలి పోయే సందుల మసి నిండి ఉంటది. తీసి ఊదు. పైలం."

ఊదితే మంట నీలంగా వచ్చింది.

మోటారు మోగుతోంది గాని నీళ్లు ఎక్కడం లేదని తర్వాత అడిగాను. "గాలి పట్టింది. పైన బిరడా తీసి చెంబెడు నీళ్లు పోసి మూసినంక చూడు. పైలం." నీళ్లు ఎక్కాయి. అమ్మ చీరలు బీరువాలో ముక్కిపోతున్నాయని అడిగాను. "గోడకు ఆనిచ్చి పెట్టినవేమో, బెత్తెడు జరుపు, గాలి ఆడాలె. పైలం." అది కూడా నిజమే అయింది.

ఈయనకు తెలిసిన జవాబు ఒక్కటే, అదే అన్నిటికీ పనిచేస్తోందని సలీంతో అంటే అతను నవ్వాడు. "గాలి బాబా దొరికిండు సాబ్ మీకు." ముందు గాలి చూసుకోవాలన్నది బాయిలో గాలి పరీక్షించే సర్దారు దగ్గర్నుంచి ప్రతివాడూ అనే మాటే. మా ప్రాంతపు పాత కార్మికుడెవరో కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుని పొద్దుపుచ్చుతున్నాడనుకున్నాను. పైలం అన్న మాట కూడా మా దగ్గర అందరూ అనేదే.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎడతెరపి లేదు. క్వార్టరు పైకప్పు కారి ట్రంకులోకి నీళ్లు దిగాయి. సనదులన్నీ తడిసి సిరా పాకుతోంది. ఆ రోజు నాకు సెలవు, మధ్యాహ్నం మూడు నలభైకి నెట్ సెంటర్‌లో ఒకే ఒక్క వాక్యం రాశాను: పాత కాగితాలు తడిశాయి, సిరా చెదరకుండా ఎలా ఆరబెట్టాలి? అంతే రాశాను.

మరునాడు పొద్దున అమ్మ లేచి కాగితాలు తాకి చూసింది. ఇంకా తడే. అప్పుడు ఆమెకు కుంపటి గుర్తొచ్చింది. మాకు కుంపటి లేదు. నేను స్నానం చేస్తుంటే అమ్మే పోయి పోశవ్వను అడిగి బొగ్గుల కుంపటి తెచ్చింది. పోశవ్వ గుమ్మం దాకా వచ్చి, "దొర్సానీ, బొగ్గు పొగ మంచిది కాదు. కిటికీలు తెరుచుకోన్రి. నన్ను కూసోమంటె నేను కూసుంట" అంది.

లోపల మంచం మీద, నేల మీద, తాడు మీద మా తాత సనదులు గుడ్డపీలికల్లా పరిచి ఉన్నాయి. అవి ఆమె కంట పడటం నాకు ఇష్టం లేదు. అవసరం లేదన్నాను. కిటికీలు రెండూ మూశాను. నేను లేనప్పుడు ఎవరూ రాకుండా లోపల గడియ పెట్టుకొమ్మని అమ్మకు చెప్పాను. రెండో షిఫ్టు కాబట్టి మూడింటి దాకా తీరిక ఉంది. జవాబు వచ్చిందేమో చూసివద్దామని పదకొండున్నరకు చౌరస్తాకు బయల్దేరాను.

పాతమనిషి జవాబు ఉంది.

"కాయితాలు ఆగుతయి, దొరా. కుంపటి ఉన్న అర్రల గాలి లేదు. లోపట గడియ పెట్టి ఉన్నది. జల్ది పో."

పక్కనుంచి సలీం కూడా చదివాడు. "ఇదేంది సాబ్? మీ ఇంట్ల కుంపటున్నదా?" అన్నాడు. నా ముఖం చూసి బండి తాళం అందుకున్నాడు. "బండి ఎక్కున్రి" అన్నాడు.

తలుపు కొడితే అమ్మ పలకలేదు. కిటికీ సందులోంచి బొగ్గు వేడి వాసన వచ్చింది. నేను భుజంతో రెండుసార్లు తోశాను, కదల్లేదు. అప్పుడు నా జీవితంలో మొదటిసారి కాలనీ అంతా వినబడేట్టు అరిచాను. "పోశవ్వా! జర రావే! అమ్మ లేస్తలేదు!"

ఆమె ఓదెలు వాడిన పాత గడ్డపార పట్టుకుని ఉరికొచ్చింది. సలీం దాన్ని తలుపు సందులో పెట్టి ఒక్క పెకిలింపుతో గడియ ఊడగొట్టాడు. అమ్మ మంచం కింద పడి ఉంది. ముఖం ఎర్రగా, నిద్రపోతున్నట్టు ఉంది. ముగ్గురం కలిసి సనదులు తొక్కుకుంటూ ఆమెను వాకిట్లోకి, వానలోకి తెచ్చాం. పోశవ్వ అమ్మ చెంపలు తడుతూ, "గాలి పీల్సు దొర్సానీ, గాలి పీల్సు" అంటూనే ఉంది.

దవాఖానలో రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇంకో అరగంటైతే తెచ్చినా లాభం ఉండేది కాదని డాక్టరు అన్నాడు. మూడో రోజు అమ్మ కళ్లు తెరిచి కాగితాల సంగతి అడిగింది. పోయాయన్నాను. సరే అంది.

ఆ తర్వాతే నేను మళ్లీ నెట్ సెంటర్‌కు వెళ్లి ఆ జవాబు నిదానంగా చూశాను. కింద టైము ఉంది. అది ముందు రోజు సాయంత్రం ఏడు గంటల పది నిమిషాలు.

కుంపటి మా ఇంటికి వచ్చింది మరునాడు పొద్దున. ముందు రోజు ఏడింటికి ఆ ఆలోచన నాకు లేదు. అమ్మను అడిగాను, ఆమెకూ లేదు. పోశవ్వకు తెలిసే వీలు లేదు. సైటు గడియారం తప్పేమోనని సలీం అన్నాడు. నా ప్రశ్న కింద టైము చూశాం. మూడు నలభై, సరిగ్గానే ఉంది. సలీం ఆ పేజీ ప్రింటు తీసి ఇచ్చాడు. అది ఇప్పుడు ట్రంకులో ఉంది. ఆ పెట్టెలో ఇంకా చదవడానికి వీలయ్యే కాగితం అదొక్కటే.

నన్ను ఎదుట దొరా అని పిలిచే మనిషి ఆ కాలానికి పోశవ్వ తప్ప ఎవరూ లేరు. ఆమెకు చదువు రాదు. ఒక మధ్యాహ్నం కుంపటి తిరిగి ఇవ్వడానికి వెళ్లి, ఓదెలు చివర్లో ఏమైనా చదువు నేర్చుకున్నాడా అని అడిగాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆయనకా? నా పేరు రాసి చూపెట్టుమంటె బొగ్గుతోటి గోడ మీద ఒక గీత గీసి, గిదే నీ పేరు అన్నడు."

ప్రింటు తీసి ఆమెకు చదివి వినిపించాను. ఆమె కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "ఆయనకు మీదే ఫికర్ ఉండె, దొరా" అంది. "బాయిల ఉన్నోని గాలి సర్దారు చూస్తడు, పైన ఒక్కడే కూసున్నోనిది ఎవలు చూస్తరు అంటుండె."

కూర్చొమ్మంది. కూర్చున్నాను. చాయ ఇచ్చింది, తాగాను.

అమ్మ ఇంకా ఐదేళ్లు బతికింది. రాష్ట్రం వచ్చిన రోజు కాలనీలో డప్పులు మోగుతుంటే పోశవ్వ ఇంటి అరుగు మీద అమ్మ ఆమె పక్కనే కూర్చుని చూసింది.

నేను చెప్పగలిగింది ఇంతే. ప్రింటు ఉంది, సలీం ఉన్నాడు, అమ్మ బతికింది. ఎవరు రాశారో తెలియదు. ముట్టించని కుంపటిని ముందు రోజే ఎవరు చూశారో తెలియదు. నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. నమ్మకుండా దీన్ని ఎక్కడ పెట్టాలో నాకు అర్థం కాదు.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ చివరి జవాబులో మాత్రం పైలం అన్న మాట లేదు. ముందువాటన్నిటి చివరా ఉంది, దీనికి లేదు. లైటు తీసుకుని కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగే మనిషి గుర్తొచ్చాడు. సైటు మూతపడక ముందే ఒకరోజు డ్యూటీకి పోయేముందు దాని కింద టైపు చేశాను.

"పైలం, ఓదెలన్నా."

నేనడిగిన ప్రతిదానికీ జవాబు రాసిన మనిషి దానికి ఏమీ రాయలేదు. అదేమీ ప్రశ్న కాదు.