మధ్యాహ్నపు గోలీ, నేను రాయలేకపోయిన జవాబు

ఎండలో ఇంత దూరం నడిపించి మనందరినీ ఈ రేకుల మందిరంలో కూర్చోబెట్టిన ప్రభువుకు స్తోత్రం! పాస్టర్ అయ్యగారికి, సంఘ పెద్దలకు, చాపల మీద ఇరుక్కుని కూర్చున్న అక్కలకు, అమ్మలకు అందరికీ వందనాలు. నేను జ్యోతిని, జల్‌పల్లి నుంచి వస్తాను, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే ప్రసాదన్న బిడ్డను. ఆదివారపు బడిలో పక్కవాళ్ళ జడలు ముడేసిన పిల్లగా మీలో చాలామందికి తెలుసు, ఆ పేరు నాకు ఇంకా పోలేదు. కానీ సహోదరులారా, పోయిన ఏడాది ఇవే శ్రమల దినాల్లో, ఈస్టరు కోసం మనమంతా ఇక్కడ ఉపవాస ప్రార్థనలు చేసుకుంటున్నప్పుడు, నేను ఎంత చీకట్లో ఉన్నానో మీలో ఎవరికీ తెలియదు. ఎందుకంటే నేను చెప్పలేదు, పైకి అందరికన్నా గట్టిగా పాటలు పాడుతూ లోపల మాత్రం ఆశ చచ్చిపోయి తిరిగాను.

నాకు ఫార్మసీ చదవాలని కోరిక. ఇంటర్ అయిపోయిన ఏడాది మా అమ్మకు మూర్ఛ ఎక్కువైంది. ఒక శుక్రవారం ఇదే మందిరంలో పడిపోయింది, ఇంకో శుక్రవారం ఇంట్లో పొయ్యి దగ్గర పడి చెయ్యి కాల్చుకుంది. ఆమెను ఒంటరిగా వదలడానికి వీల్లేక నేను ఎంట్రన్స్ పరీక్షే రాయలేదు. మరుసటి ఏడాది రాశాను, ర్యాంకు వచ్చింది గానీ ఆ ర్యాంకుకు దొరికే సీటు ఫీజు మా బాపు జీతానికి అందేది కాదు. అప్పటినుంచి అమ్మ ఒకటే మాట పట్టుకుంది. అన్నం పెడుతూ అదే మాట, బట్టలు ఆరేస్తూ అదే మాట. "నా రోగమే నీ చదువును మింగింది బిడ్డా." మూర్ఛ తగ్గింది గానీ ఆ మాట తగ్గలేదు.

అప్పుడు మా చిన్నాన్న కొడుకు ఒక కబురు తెచ్చాడు. ఊరి బయట ఒక ఫార్మసీ కాలేజీలో కొన్ని సీట్లు ఫీజు లేకుండా ఇస్తారట, దానికి ర్యాంకుతో పాటు రెండు వ్యాసాలు రాసి పంపాలట, అవి నచ్చితే ఇంటర్వ్యూకు పిలుస్తారట. ఇది కూడా పోతే బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే పనికి చేరాలని ఇంట్లో అప్పటికే మాట్లాడి పెట్టారు. ఆ పనిలో తప్పేం లేదు సహోదరీలారా, నా స్నేహితులు అక్కడే చేస్తున్నారు. కానీ నేను ఆ పనికి పోతే మా అమ్మ బతికినంత కాలం తన రోగాన్నే తిట్టుకుంటూ బతుకుతుంది, నాకున్న భయమంతా అదే!

మొదటి ప్రశ్న, ఫార్మసీనే ఎందుకు ఎంచుకున్నారు అని. రెండో ప్రశ్న, మీ చుట్టూ ఉన్నవారి ఆరోగ్యం విషయంలో మీరు గమనించిన ఒక సమస్య ఏమిటి, దానికి మీరేం చేశారు అని. తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా రాయవచ్చన్నారు. చూడటానికి ఎంత తేలికగా ఉంది! నేను గైడ్లు బట్టీపట్టి పాసైన మనిషిని కదా, వ్యాసం అనగానే ఫోన్‌లో వెతికి, చిన్నప్పటి నుంచి మానవ సేవ చేయాలనే తపనతో అని మొదలుపెట్టి, మన దేశ ఆరోగ్య రంగం గురించి, కాలుష్యం గురించి నిండా రాసేసి, దాన్ని తీసుకుని మన సునందమ్మ టీచర్ ఇంటికి వెళ్ళాను. సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైన టీచర్, ఆదివారపు బడిలో నా చెవి మెలిపెట్టిన టీచర్. ఆమె ఓపికగా చదివింది. చదివి, అద్దాలు పైకి తోసుకుని, "ఏందే జ్యోతి, ఇది ఎవల కత? గిండ్ల నువ్వు యాడున్నవ్?" అంది.

నాకు కోపం వచ్చింది. నిజమే చెబుతున్నాను, మందిరంలో అబద్ధం ఎందుకు? ఇంటికి వచ్చి, సరే నా కథే కావాలి కదా అని పట్టుదలతో కూర్చుని అమ్మ సంగతంతా రాశాను. అమ్మ పడిపోవడం, మేము ఏడవడం, సంఘమంతా చేతులెత్తి ప్రార్థించడం, ప్రభువు కనికరపడి ఆమెను ముట్టడం, మూర్ఛ ఆగిపోవడం! రాస్తూ నేనే ఏడ్చాను. ఈసారి టీచర్ కళ్ళు కూడా తడిశాయి. నేను గెలిచాననుకున్నాను. కానీ ఆమె కాగితం మడిచి నా చేతికే ఇచ్చింది. "సాక్ష్యం మస్తుగున్నది బిడ్డా. ఆదివారం నిలబడి చెప్పు. కని వాళ్ళు అడిగింది నువ్వేం చేసినవ్ అని."

"నేనేం చెయ్యలే టీచర్, అంత దేవుడే చేసిండు," అన్నాను.

"దేవుడే చేసిండు, కాదంటలేను. మరి మీ అమ్మ గోలీల సంగతి అయ్యగారికి చెప్పింది ఎవలు?"

నేను కాగితం తీసుకుని వచ్చేశాను. సహోదరులారా, ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే నా చీకటి మీకు అర్థం కాదు. అమ్మ మూర్ఛకు వాడే మందు గోలీలు మూడు పూటలా వేసుకోవాలి. శ్రమల దినాలు రాగానే శుక్రవారాలు ఉపవాసం ఉండేది, ఉపవాసమంటే నోట్లో నీటి చుక్క కూడా పోకూడదని పొద్దుటి గోలీ, మధ్యాహ్నపు గోలీ మానేసేది. ఆ సంగతి మాకు తెలియదు, ఆమె చెప్పలేదు. చెబితే విశ్వాసం తక్కువైందని నలుగురూ అనుకుంటారని సిగ్గు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటాక మెడికల్ షాపు ఉన్న ఖలీల్ భాయ్ దగ్గర మేము ప్రతి నెలా మందులు తెచ్చుకునేవాళ్ళం. ఒకసారి నేను వెళితే ఆయన, "ఏంది బేటా, ఈసారి లేట్ చేసినవ్? అమ్మ గోలీలు ఎప్పుడో ఖతం కావాలె కదా," అన్నాడు. ఇంట్లో ఇంకా మిగిలి ఉన్నాయన్నాను. ఆయన ముఖం మారింది. మా ఇంట్లో ఉపవాసాలు ఉంటారా అని అడిగాడు. "మా దగ్గర రంజాన్ వచ్చేముందే అందరు డాక్టర్‌ను అడుగుతరు, రోజా ఉపాసం ఉన్నప్పుడు గోలీ ఎట్ల అని. నువ్వు కూడ అడుగు బేటా. నీ మనసుకు నువ్వు మార్చకు, ఆపకు," అన్నాడు.

ఇంటికి వెళ్ళి గట్టిగా అడిగితే అమ్మ అంతా ఒప్పుకుంది, ఆమెను పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాను. మూర్ఛ గోలీ ఒక్క పూట కూడా మానకూడదని డాక్టరమ్మ అమ్మకు నచ్చజెప్పింది. కానీ అమ్మ వినే రకం కాదు. "డాక్టరమ్మకు ఉపాసం గురించి ఏం తెలుసు?" అంది. అప్పుడు నేను వణుకుతూ మన అయ్యగారి ఇంటికి వెళ్ళి, గడపలోనే నిలబడి, ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను. మరుసటి శుక్రవారం ప్రార్థన మొదలుపెట్టే ముందు ఆయన ఏం చెప్పారో మీకందరికీ గుర్తే. ఆ రోజు నుంచి అమ్మ గోలీ మానలేదు, మళ్ళీ పడలేదు. దేవునికే మహిమ!

ఇదీ జరిగింది. కానీ ఇందులో నేను చేశాను అని ఎలా రాయను? పాలు తాగే వయసు నుంచి ఈ మందిరంలో నేర్చుకున్నది ఒకటే కదా, నేనేమీ కాను, అంతా ఆయనే అని. ఎవరైనా నిలబడి నేను ఇది చేశాను, నేను అది చేశాను అంటే వెనక కూర్చున్నవాళ్ళు గొంతు సవరించుకుంటారు, మీకు తెలియంది కాదు! కాగితం ముందు పెట్టుకుని నేను అని రాయగానే ఆయన మహిమను దొంగిలిస్తున్నట్టు చెయ్యి ఆగిపోయేది. కొట్టేసి దేవుడు అని రాసేదాన్ని. అలా రాస్తే ప్రశ్నకు జవాబు కాదు. గడువు దగ్గర పడుతోంది, అమ్మ నా ముఖం చూసి మెల్లగా తలుపు వేసి వెళ్ళిపోయేది. తప్పు తనదే అన్నట్టు ఆ తలుపు కూడా చప్పుడు కాకుండా వేసేది.

అప్పుడు వచ్చిన శుక్రవారం ఇక్కడికి వచ్చి, ఆ వెనక గోడకు ఆనుకుని కూర్చుని, పాట పాడకుండా మనసులో ప్రార్థన చేశాను. "ప్రభువా, నేను చేసిన అని రాస్తే నీ పేరు చిన్నగైతదేమోనని భయమైతుంది. రాయకుంటే మా అమ్మ ఏడుపు ఆగదు. నాకు తెల్వదు, నువ్వే చెప్పు, నేనేం రాయాలె?" అని. ఆమెన్ కూడా అనలేదు, అలా మధ్యలోనే ఆపేశాను.

మధ్యాహ్నమైంది. అయ్యగారు ప్రార్థన ఆపి, ప్రతి శుక్రవారం చెప్పినట్టే చెప్పారు. "గోలీలున్నోళ్ళు ఏసుకోండ్రి. షుగరున్నోళ్ళు ఏమన్న తినుండ్రి. సిగ్గు పడకుండ్రి, దేవునికి కోపం రాదు." నేను ఆ మాటను ఎన్నో శుక్రవారాలు విన్నాను సహోదరులారా, కానీ ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు! మందిరమంతా సంచుల జిప్పులు తీసిన చప్పుడు, గోలీల పట్టీలు చిటుక్కుమన్న చప్పుడు. ఇక్కడ ఒక అక్క, అక్కడ ఒక పెద్దాయన, ఆ మూల మా అమ్మ, నీళ్ళ సీసా చేతులు మారుతూ వెళుతోంది. నా పక్కన సువార్తమ్మ అవ్వ కూర్చుని ఉంది. గోలీ మీద నమ్మకమా, దేవుని మీద నమ్మకమా అని ఒకప్పుడు అందరినీ గద్దించిన అవ్వ! నవ్వకు అవ్వా, నీ గురించే చెబుతున్నాను. ఆ అవ్వ కొంగు ముడి విప్పి, బీపీ గోలీ తీసి, నా వైపు చెయ్యి చాచి, "బిడ్డా, గిన్ని నీళ్ళియ్యి," అంది.

సీసా మూత తీసి నీళ్ళు ఇచ్చాను. నేను మధ్యలో ఆపేసిన ప్రార్థనకు జవాబు నా చుట్టూ కూర్చుని గోలీలు మింగుతోంది! ఆహా, ఆయన ఎంత ఆశ్చర్యకరుడు! నేను అడగక ముందే, ఆ కాలేజీవాళ్ళు ఆ ప్రశ్న నా ముందు పెట్టక ముందే, ఎప్పుడో ముందే ఆయన నాకు జవాబు సిద్ధం చేసి పెట్టాడు. ఆయన ఖలీల్ భాయ్ నోటిని వాడుకున్నాడు, డాక్టరమ్మను వాడుకున్నాడు, అయ్యగారిని వాడుకున్నాడు, గడపలో వణుకుతూ నిలబడ్డ నా కాళ్ళను కూడా వాడుకున్నాడు. ఆ కాళ్ళు నావి కావని రాస్తే అది వినయం కాదు, ఆయన చేసిన పనిలో సగం దాచిపెట్టడమే అని ఆ క్షణంలో నాకు తెలిసింది. నేను నేల మీద వాలిపోయి ఏడ్చాను. ఉపవాసంతో నీరసం వచ్చిందని మీరంతా నాకు గ్లూకోజ్ తాగించారు, గుర్తుందా!

ఇంటికి వెళ్ళి రాశాను. పెద్ద మాటలు లేవు. నేను గమనించాను, నేను అడిగాను, నేను భయపడ్డాను, అయినా వెళ్ళి చెప్పాను అని రాశాను. మందు కనిపెట్టడం ఎంత అవసరమో, ఆ మందు మనిషి సిగ్గును, భక్తిని దాటుకుని నోటి వరకు చేరడం కూడా అంతే అవసరమని, అది చూసుకునే మనిషిని కావాలని ఫార్మసీ చదవాలనుకుంటున్నానని మొదటి ప్రశ్నకు రాశాను. రెండో జవాబు దొరికాక మొదటిది దానంతట అదే వచ్చింది. సునందమ్మ టీచర్ చదివి చెవి మెలిపెట్టలేదు, తల మీద చెయ్యి పెట్టింది.

ఇంటర్వ్యూలో ఒక మేడమ్, "మీరు చేసింది చిన్న పనే కదా?" అని అడిగింది. చిన్నదే మేడమ్, కానీ మా అమ్మ మళ్ళీ పడలేదు అన్నాను. మీ పాస్టర్‌గారు ఇప్పటికీ ఆ మాట చెబుతారా అంది. ప్రతి శుక్రవారం చెబుతారు అన్నాను. ఆమె పక్కాయన వైపు చూసి ఏదో రాసుకుంది. సీటు వచ్చింది సహోదరులారా! ఫీజు లేకుండా వచ్చింది! ఇప్పుడు మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఖలీల్ భాయ్ అయితే, "ఇగ నాకేం ఫికర్ లేదు, దుకాణంల నువ్వే కూసో," అని ఇప్పటినుంచే వెక్కిరిస్తున్నాడు.

కబురు తెలిసిన రోజు అమ్మ నన్ను దగ్గరకు లాక్కుంది. కాలిన మచ్చ ఉన్న చేత్తో నా ముఖం తుడిచి, "నా రోగం నీ చదువును మింగింది అనుకున్న. దేవుడు దానితోనే నీ చదువును కక్కిచ్చిండు," అంది. ఆ తర్వాత ఆ పాత మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు. నాకు సీటు కంటే అదే పెద్ద విడుదల! దేవునికే మహిమ, ఆయనకే ఘనత!

ఈ రోజు మీలో ఎవరైనా జవాబు లేని ప్రశ్న ముందు కూర్చుని ఉంటే, అది కాలేజీ ప్రశ్న కావచ్చు, ఇంటి ప్రశ్న కావచ్చు, భయపడకండి. ఆయనను అడగండి, అడిగి కళ్ళు మూసుకునే ఉండకండి, తెరిచి పక్కన చూడండి. ఆయన నమ్మదగినవాడు, మీకంటే ముందే అక్కడికి వచ్చి ఉంటాడు.

ఇంకా చెప్పాలని ఉంది గానీ మధ్యాహ్నమైంది, మా అమ్మ అప్పుడే సంచిలో చెయ్యి పెట్టింది. అయ్యగారూ, ఈ ఒక్కసారి ఆ మాట నన్ను చెప్పనివ్వండి. గోలీలు ఉన్నవాళ్ళు వేసుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు ఏమైనా తినండి. సిగ్గు పడకండి. అందరూ మింగాక లేచి నిలబడి ఆయనను స్తుతిద్దాం, నేను నీళ్ళు పట్టుకుని వస్తున్నాను.