కొట్టులో పాట ఆగలేదు

మా అసువా ఊళ్ళో ఆడపిల్ల మంగళవారం పూట జుట్టు సెట్ చేయించుకుందంటే అనుమానించాల్సిందే. శనివారం డాన్సుకంటే సరే, ఆదివారం చర్చికంటే సరే. మంగళవారం ఎందుకట? అబ్బాయి బండెక్కి వెళ్ళిపోవడానికే. ఒక్క రాత్రి వాళ్ళింట్లో ఉంటే, మర్నాడు అబ్బాయి తల్లి వచ్చి ఓ మాట చెబుతుంది. ఇక పెళ్ళయిపోయినట్టే. ఫాదరూ లేడు, ఉంగరమూ లేదు.

నెరెయిదా కూడా పదిహేడేళ్ళకి అలాగే వెళ్ళింది, రాజధానిలో నర్సు చదువుకి సీటొచ్చిన వారమే. మొగుడు ఫౌస్తో చెడ్డవాడని నేననను. తాగడు, చెయ్యెత్తడు. పొద్దస్తమానం కొట్టు ముందు డామినో బిళ్ళలాట ఆడతాడు, అంతే. సంసారమంతా ముందుగదిలో ఆమె పెట్టుకున్న జుట్టు దుకాణం మీదే నడుస్తుంది. పక్కింటిదాన్ని, ఇన్నేళ్ళుగా నా తల ఆమె చేతుల్లో పెట్టినదాన్ని, నాకు తెలీదా?

ఎదురు కొట్టులో రోజూ ఓ పాట పెడతారు. చదువు మానేసి పెళ్ళిచేసుకున్న పిల్ల, తన ఈడువాళ్ళు బస్సెక్కి పోతుంటే గుమ్మంలో నిలబడి చూసే పాట. ట్యూను తియ్యగా ఉంటుంది, కుర్రకారు నడుములూపుతారు. మాటలెవడు వింటాడు? నెరెయిదా మాత్రం జుట్టుకి రోలర్లు చుడుతూ మొత్తం పాడుతుంది. చివరి చరణం దగ్గరికొచ్చేసరికి పాడటం ఆపేస్తుంది.

ఆ మంగళవారం సాయంత్రం నేనక్కడే ఉన్నాను. నెరెయిదా కూతురు యులైసీ వచ్చి కుర్చీలో కూచుంది. దానికీ పదిహేడే. ఎందుకే అంటే, ఊరికే అంది. నెరెయిదా తలంటి, రోలర్లు చుట్టి, డ్రయ్యర్ కింద కూచోబెట్టింది. అంతలో మలుపులో బండి హారన్ మోగింది. పిల్ల ఉలిక్కిపడింది. తల్లికి సంగతి అర్థమైపోయింది.

నెరెయిదా చప్పుడు చెయ్యకుండా వెనక్కెళ్ళి ప్లగ్గు పీకేసింది. కరెంటు పోయిందని చెప్పింది. మా ఊళ్ళో ఎవరైనా నమ్మే అబద్ధమే. తడిజుట్టుతో ఏ పిల్లా అబ్బాయి ముందుకి వెళ్ళదని దాని ఆశ, పిచ్చిముండ.

కానీ ఎదురు కొట్టులో పాట ఆగలేదు.

"కొట్టులో పాట వస్తోందిగా అమ్మా," అంది యులైసీ.

"అవును, నేనే పీకాను. నేను వెళ్ళిననాడు మా అమ్మకి తెలుసే. తెలిసీ నా జుట్టు చక్కగా ఆరబెట్టి పంపింది. నా వల్ల కాదు తల్లీ. బడి ముగించు, ఆ తర్వాత నీ ఇష్టం."

"అయితే నన్ను కన్నందుకు ఏడుస్తున్నావా?"

నెరెయిదా నోరు తెరిచింది. మాట రాలేదు. చెప్పవే, కాదని చెప్పవే అని లోలోపలే మొత్తుకున్నాను. పిల్లంటే దానికి ప్రాణం. కానీ పోయిన బతుకు మీద బెంగా నిజమే. రెండూ ఒకేసారి ఎలా చెబుతుంది? పిల్ల ఆ మౌనమే జవాబనుకుంది. రోలర్ల మీదే రుమాలు కట్టుకుని బండెక్కి వెళ్ళిపోయింది.

పొద్దున్నే అబ్బాయి తల్లి వచ్చింది, చేతిలో రోలర్ల సంచీతో. మీ అమ్మాయి మా ఇంట్లో ఉంది అని, చెప్పాల్సిన మాట చెప్పింది. నెరెయిదా సంచీ అందుకుని గుండెకి హత్తుకుంది.

"జుట్టు ఆరిందా వదినగారూ? తడితలతో పడుకుంటే దానికి పడిశం పడుతుంది."

"ఫ్యాను కింద కూచోబెట్టానమ్మా," అందావిడ.

నెరెయిదా తలూపి, అక్కడే కూలబడి ఏడ్చింది. కొట్టువాడు మళ్ళీ ఆ పాటే పెట్టాడు. నేను రోడ్డు దాటి వెళ్ళి ఆపించాను.